కుట్లు మానాయి.. మనిషి మారాడు!

బండి మీంచి పడ్డాడు. నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. స్కాన్‌ తీసి ‘ఏమీ లేదు’ అన్నారు. రెండు రోజులు ఉంచుకుని ఇంటికి పంపించారు. గాయం మానింది. గొరిగిన చోట జుట్టు కూడా మొలిచింది. మరి మూడు నెలలు గడిచినా మీ ఇంటాయన పాత మనిషిలా ఎందుకు లేడు? చిన్న మాటకే కంచం విసిరేస్తాడు. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి మరచిపోతాడు. పిల్లలు గట్టిగా నవ్వితే తల పట్టుకుంటాడు. చేను ముఖం చూడడు. ‘పని ఎగ్గొట్టడానికి నాటకాలు’ అంటారు చుట్టాలు. ‘తాగుడు ఎక్కువైంది’ అంటారు ఇరుగుపొరుగు. ‘గాలి సోకింది’ అంటారు పెద్దవాళ్లు. మీక్కూడా ఎప్పుడో ఒకప్పుడు అలాగే అనిపించి ఉండొచ్చు.

ఈ మాటల్లో ఒక్కటీ నిజం కాకపోవచ్చు. కాలు విరిగితే కుంటడం ఎలాగో, మెదడు దెబ్బతింటే కోపం, మతిమరుపు, నిరాసక్తత కూడా అలాగే. అవి దెబ్బ తాలూకు లక్షణాలు, మనిషి గుణం కాదు. ఈ ఒక్క సంగతి ఇంట్లోవాళ్లకు ముందే తెలిస్తే చాలా కాపురాలు, చాలా ఉద్యోగాలు నిలబడతాయి.

వార్తలో లేనివాళ్లు

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో ఈ విషయం కాస్త గట్టిగానే చెప్పుకోవాలి. ఇక్కడ పత్తి తీతలు మొదలైంది లగాయతు మిరప కోతలు అయిపోయేదాకా ఊళ్లకు ఊళ్లు తెల్లవారుజామునే కదులుతాయి. పది మంది పట్టని ఆటోలో ఇరవై మంది, ట్రాక్టరు ట్రక్కులో అంతకు రెట్టింపు. 16వ నంబరు జాతీయ రహదారి మీద చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్ల, ఒంగోలు వరుసలోనైనా, అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు మీదైనా పొద్దున్నే వెళ్తే ఈ దృశ్యం మీకు కనిపించే ఉంటుంది. 2020 మే 14న నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిర్చి కోతలకు వెళ్లి తిరిగొస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొంది. 2023 మే 17న దాచేపల్లి మండలం పొందుగుల దగ్గర, నల్గొండ జిల్లా దామరచర్ల వైపు నుంచి కూలికి వస్తున్న ఆడవాళ్ల ఆటోను లారీ ఢీకొంది. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. ఇలాంటివి జరిగినప్పుడు మృతుల సంఖ్య మొదటి పేజీలో వస్తుంది. ‘మరికొందరు గాయపడ్డారు’ అని చివర ఒక్క వాక్యం ఉంటుంది. ఆ ఒక్క వాక్యంలో ఉన్నవాళ్ల గురించే ఈ కథనం.

దెబ్బలన్నీ రోడ్డు మీదే తగలవు. మిర్చి యార్డులో లారీ మీద నుంచి జారిపడ్డ హమాలీ, పైనుంచి టిక్కీ మీద పడ్డ మనిషి, జిన్నింగ్‌ మిల్లులో పత్తి బోరేల మీంచి కింద పడ్డ కుర్రాడు, తాటిచెట్టు నుంచి జారినవాళ్లు, స్నానాల గదిలో కాలు జారిన ముసలమ్మ.. దెబ్బ ఎక్కడిదైనా మెదడుకు తేడా తెలియదు.

నూలుపోగు ఎలా తెగుతుంది?

మెదడు గట్టి వస్తువు కాదు. జున్నులాంటి మెత్తటి పదార్థం. పుర్రెలో నీటిలాంటి ద్రవంలో తేలుతూ ఉంటుంది. వేగంగా వెళ్తున్న బండి ఒక్కసారిగా ఆగితే పుర్రె ఆగిపోతుంది, లోపలి మెదడు మాత్రం ముందుకు వెళ్లి ఎముకకు కొట్టుకుంటుంది. కళ్ల పైభాగంలో, కణతల వెనక పుర్రె అడుగు నున్నగా ఉండదు, గట్లు గట్లుగా ఉంటుంది. అందుకే దెబ్బ తల వెనక తగిలినా, నలిగేది చాలాసార్లు మెదడు ముందుభాగం, కణతల భాగమే. మన నడవడికను, నిగ్రహాన్ని, జ్ఞాపకాన్ని నడిపించేవీ అవే. ఇదొక దురదృష్టకరమైన అమరిక.

ఇంకోటి ఉంది. తల గిర్రున తిరిగేలా దెబ్బ తగిలినప్పుడు మెదడులో ఒక భాగాన్ని మరో భాగంతో కలిపే సన్నటి నాడీ తంతువులు సాగి దెబ్బతింటాయి. నూలుపోగును మెల్లగా లాగితే సాగుతుంది. ఒక్కసారిగా గుంజితే పుటుక్కుమంటుంది. నాడీ తంతువుల సంగతీ అంతే. అయితే చాలా తంతువులు అప్పటికప్పుడు తెగిపోవు. లోపల దెబ్బతిని, సరఫరా నిలిచి, ఉబ్బి, గంటల తర్వాతో రోజుల తర్వాతో తెగుతాయి. దీన్నే డాక్టర్లు ‘డిఫ్యూజ్‌ ఆక్సోనల్‌ ఇంజురీ’ అంటారు.

మరి స్కాన్‌లో ఎందుకు కనపడలేదు? ప్రమాదం జరిగిన వెంటనే తీసే సీటీ స్కాన్‌ ఉద్దేశం వేరు. లోపల రక్తం గడ్డ కట్టిందా, ఎముక విరిగిందా, వెంటనే ఆపరేషన్‌ కావాలా అన్నది చూడటానికి అది తీస్తారు. ఆ పని అది బాగా చేస్తుంది. సన్నటి తంతువులు తెగడం దానికి కనిపించదు. కొన్ని ప్రత్యేక పద్ధతుల్లో తీసే ఎమ్మారైలో తంతువులు తెగినచోట చుక్కల్లాంటి రక్తపు మరకలు కనిపించొచ్చు. అందులోనూ అన్నీ దొరకవు. కాబట్టి ‘స్కాన్‌ నార్మల్‌’ అంటే ‘ఆపరేషన్‌ అవసరం లేదు’ అని అర్థం చేసుకోండి. ‘మెదడుకు ఏమీ కాలేదు’ అని కాదు.

డిశ్చార్జి కాగితం మీద ‘మైల్డ్‌ హెడ్‌ ఇంజురీ’ అని రాసి ఉంటే దానితోనూ ఇలాంటి తికమకే. 1974లో గ్లాస్గో నగరంలో టీస్‌డేల్‌, జెన్నెట్‌ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు ఒక కొలత తయారుచేశారు. కళ్లు తెరుస్తున్నాడా, మాట్లాడుతున్నాడా, చెప్పినట్టు చేయి కదుపుతున్నాడా అని చూసి 3 నుంచి 15 వరకు మార్కులు వేస్తారు. 13-15 వస్తే మైల్డ్‌, 9-12 మధ్యస్థం, 8 లేదా అంతకంటే తక్కువైతే తీవ్రం. ప్రపంచమంతా ఇదే వాడుతోంది. కానీ ఆ మార్కు ఆసుపత్రికి వచ్చినప్పటి స్పృహ గురించి చెబుతుంది. ఆర్నెల్ల తర్వాత ఆ మనిషి యార్డులో లెక్క రాయగలడా లేదా అన్నది అది చెప్పదు. ‘మైల్డ్‌’ కింద వచ్చేవాళ్లలో ఎక్కువమంది కొన్ని వారాల్లో, మహా అయితే రెండు మూడు నెలల్లో మామూలు మనుషులవుతారు. ఇది నిజం, ధైర్యం తెచ్చుకోవాల్సిన నిజం. మూడు నెలలు దాటినా కోలుకోనివాళ్లు కొందరు ఉంటారు. వాళ్లకే మాటలు పడుతుంటాయి.

ఇంట్లో కనిపించేదేమిటి?

1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్‌లో రైలుమార్గం పనిలో ఉన్న ఫినియస్‌ గేజ్‌ అనే మేస్త్రి తలలోంచి ఒక ఇనుప కడ్డీ దూసుకుపోయింది. చెంప కింద నుంచి వెళ్లి నడినెత్తి నుంచి బయటికొచ్చింది. అతను బతికాడు. నడిచాడు, మాట్లాడాడు. కానీ అంతకుముందు నెమ్మదస్తుడిగా, పనిమంతుడిగా పేరున్నవాడు నోటికొచ్చినట్టు మాట్లాడే మనిషిగా మారాడని, స్నేహితులే ‘ఇతను గేజ్‌ కాదు’ అన్నారని అతణ్ని చూసిన డాక్టరు హార్లో రాశాడు. మెదడు ముందుభాగానికీ నడవడికకూ సంబంధం ఉందని వైద్యలోకం గుర్తించడానికి ఆ మేస్త్రి తల ఒక కారణమైంది. ఆ తర్వాత గేజ్‌ చిలీ దేశం వెళ్లి ఏళ్ల తరబడి గుర్రపుబండి తోలుకుని బతికాడు. ఈ రెండో ముక్క ఎవరూ పెద్దగా చెప్పరు. కోలుకోవడం కూడా అతని కథలో ఉంది. చివరికి 1860లో, దెబ్బ తగిలిన పన్నెండేళ్లకు, ఫిట్స్‌ వచ్చి చనిపోయాడు.

మన ఊళ్లో ఇది ఇంత నాటకీయంగా ఉండదు. రోజూ లారీకి ఎన్ని టిక్కీలు ఎక్కాయో నోటితో లెక్క చెప్పే హమాలీ నలభై దాటాక తడబడతాడు. మొదట తోటివాళ్లు నవ్వుతారు, తర్వాత ముఠాలోంచి తప్పిస్తారు. వంద పనులు ఒంటిచేత్తో చక్కబెట్టిన ఇల్లాలు పొయ్యి మీద పాలు పెట్టి, పక్కింటామెతో మాట కలిపి, పాల సంగతే మరచిపోతుంది. ఒకేసారి రెండు పనులు చేయలేకపోవడం, చెప్పిన మాట బుర్రకెక్కడానికి సమయం పట్టడం, తెలిసిన పేరే నోటికి రాకపోవడం చాలా సాధారణం. పాత విషయాలన్నీ గుర్తుంటాయి. అందుకే ‘పదేళ్ల కిందటి అప్పు గుర్తుంది గానీ నిన్న నేను చెప్పింది గుర్తులేదా?’ అని దెప్పుతుంటారు. పాతవి దాచిపెట్టడం వేరు, కొత్తవి నిలుపుకోవడం వేరు. దెబ్బ ఎక్కువగా రెండోదాన్నే కొడుతుంది.

అలసట ఇంకొకటి. ఇది పని చేస్తే వచ్చే అలసట కాదు. గంటసేపు మనుషుల మధ్య కూర్చుంటేనే పత్తి బోరెం మోసినట్టుంటుంది. ఎండ, మైకు శబ్దం, పెళ్లి సందడి భరించలేరు. నిద్ర పాడవుతుంది. కొందరిలో కోపం కట్టలు తెంచుకుంటుంది, మరికొందరిలో అసలు ఏ భావమూ ఉండదు. కూర్చోబెట్టిన చోటే కూర్చుంటారు, అన్నం పెడితే తింటారు, లేకపోతే అడగరు. ఈ రెండో రకమే బద్ధకంగా కనిపిస్తుంది. పని మొదలుపెట్టాలన్న చొరవ పుట్టేది మెదడు ముందుభాగంలోనే. అది నలిగితే కోరిక ఉన్నా అడుగు పడదు. అన్నిటికంటే కష్టమైంది ఏమిటంటే, తనలో మార్పు వచ్చిందని ఆ మనిషికే తెలియకపోవచ్చు. ‘నాకేమైంది? బాగానే ఉన్నాగా!’ అంటాడు. అబద్ధమాడటం లేదు. తనను తాను గమనించుకునే భాగమే దెబ్బతింది.

వాసన తెలియకపోవడం గురించి మిరప పండించేవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ముక్కు నుంచి మెదడుకు వెళ్లే వాసన నాడులు జల్లెడలాంటి ఎముక సందుల్లోంచి వెళ్తాయి. తల గట్టిగా అదిరితే అవి తెగిపోతాయి. అయితే కల్లంలో ఎండుమిర్చి ఘాటుకు తుమ్ములు, కళ్ల నీళ్లు మామూలుగానే వస్తాయి. అందుకే ‘వాసన తెలుస్తోందిగా’ అనుకుంటారు. ఘాటు, మంట తెలిపేది వేరే నాడి. అది ముఖానికి స్పర్శ తెలిపే నాడి. దానికి ఏమీ కాదు. పరీక్షించాలంటే కళ్లు మూసి కాఫీ పొడో, కొబ్బరినూనో, సబ్బో వాసన చూపించండి. తెలియకపోతే గ్యాసు లీకైనా, పురుగుమందు డబ్బా ఒలికినా, అన్నం పాసినా ఆ మనిషికి తెలియదు. మందు కలిపే పని అలాంటివాళ్లకు అప్పగించొద్దు.

ఫిట్స్‌ ఎప్పుడైనా రావొచ్చా?

ఇళ్లల్లో అందరూ భయపడేది దీనికే. తలకు దెబ్బ తగిలిన ప్రతివాళ్లకీ మూర్ఛ రాదు. అమెరికాలోని మిన్నెసోటాలో 4,541 మందిని ఏళ్ల తరబడి గమనించి 1998లో ప్రకటించిన అధ్యయనం ఇప్పటికీ మంచి కొలమానం. స్వల్పంగా దెబ్బ తగిలినవాళ్లలో అయిదేళ్లలో ఫిట్స్‌ వచ్చింది నూటికి ఒక్కరికంటే తక్కువ మందికే. మధ్యస్థంగా తగిలినవాళ్లలో 1.2 శాతం. తీవ్రంగా తగిలినవాళ్లలో మాత్రం 10 శాతం, ముప్పై ఏళ్లకు చూస్తే 17 శాతానికి దగ్గరగా వెళ్లింది. అంటే తీవ్రమైన దెబ్బ తిన్న మనిషికి ఎన్నో ఏళ్ల తర్వాత కూడా మొదటిసారి ఫిట్స్‌ రావొచ్చు. అప్పుడు డాక్టరుకు ఆ పాత దెబ్బ సంగతి తప్పకుండా చెప్పాలి.

తీవ్రమైన దెబ్బ తిన్నవాళ్లకు మొదటి వారం రోజులు ఫిట్స్‌ మందు ఇస్తారు. అది ఆ వారంలో వచ్చే ఫిట్స్‌ను ఆపుతుంది. ఎన్నో నెలలు వాడినంత మాత్రాన తర్వాతెప్పుడో వచ్చే మూర్ఛను అది నివారించదని పరిశోధనల్లో తేలింది. ఆ తర్వాత నిజంగా ఫిట్స్‌ వస్తే మాత్రం మందు కచ్చితంగా వాడాలి, మధ్యలో మానకూడదు. ‘మూణ్నెల్లుగా రాలేదు కదా’ అని మిరప కోతల హడావుడిలో మాత్రలు ఆపేయడం వల్లే చాలామంది మళ్లీ ఆసుపత్రి పాలవుతుంటారు. ఫిట్స్‌ వచ్చినవాళ్లు డాక్టరు సరే అనేదాకా ట్రాక్టరు, బైకు నడపొద్దు. బావి గట్టు మీద మోటారు వేయడానికి, కాలవలో ఈతకు, చెట్టెక్కడానికి ఒంటరిగా వెళ్లొద్దు. వీపున పవర్‌ స్ప్రేయరు వేసుకుని మందు కొట్టొద్దు. ఫిట్స్‌ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా కుక్కడం ఎందుకూ పనికిరావు. రెండోది పళ్లు విరగ్గొడుతుంది కూడా. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్‌ చేయండి.

తాతగారు తూలుతున్నారా?

పెద్దవయసు వారి సంగతి వేరు. వయసుతోపాటు మెదడు కాస్త కుంచించుకుపోతుంది. పుర్రెకీ మెదడుకీ మధ్య సన్నటి రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి. గుమ్మం తగిలినంత చిన్న దెబ్బకే అవి చిట్లొచ్చు. రక్తం బొట్టు బొట్టుగా చేరుతుంది. ఆ రోజు ఏమీ ఉండదు. మూడు వారాలకో, రెండు నెలలకో తాతగారు తూలుతుంటారు, మాట తడబడుతుంది, ఒక పక్క చేయి పట్టు తప్పుతుంది, పగలంతా మగతగా ఉంటారు. ‘వయసైపోయింది, మతి తప్పింది’ అని వదిలేస్తారు. గుండెకు రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లలో, రోజూ మద్యం తాగేవాళ్లలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. దీన్ని ‘క్రానిక్‌ సబ్‌డ్యూరల్‌’ అంటారు. ఇది సీటీలో తేలిగ్గా కనిపిస్తుంది. అవసరమైతే పుర్రెకు చిన్న రంధ్రం చేసి రక్తం తీసేస్తారు. చాలామంది మళ్లీ లేచి నడుస్తారు. మతిమరుపు అనుకున్నవాటిలో ఇంత సులభంగా నయమయ్యేది ఇంకోటి అరుదు. అందుకే పెద్దవాళ్లలో ఉన్నట్టుండి మార్పు వస్తే ‘రెండు నెలల్లో ఎక్కడైనా పడ్డారా?’ అని ఇంట్లో అందర్నీ అడగండి. చాలాసార్లు ఆ సంగతి తెలిసేది మనవడికే.

ఇరవై ఏళ్ల తర్వాత..

2011లో లండన్‌లోని ఇంపీరియల్‌ కాలేజీ పరిశోధకులు దెబ్బ తగిలి ఎన్నో ఏళ్లయినవారి మెదడును ప్రత్యేక స్కాన్‌తో చూశారు. కొందరిలో 17 ఏళ్ల తర్వాత కూడా వాపు లక్షణాలు కనిపించాయి. గాయాన్ని శుభ్రం చేయడానికి వచ్చిన కణాలు పని ముగిశాక కూడా అక్కడే తిరుగుతున్నాయన్నమాట. డెన్మార్క్‌లో దాదాపు 28 లక్షల మంది వైద్య రికార్డులు పరిశీలించి 2018లో ప్రకటించిన అధ్యయనంలో, తలకు దెబ్బ తగిలినవాళ్లకు తర్వాత డిమెన్షియా వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే 24 శాతం ఎక్కువని తేలింది. దెబ్బలు ఎక్కువైన కొద్దీ, తీవ్రమైన కొద్దీ ముప్పు పెరిగింది. డిమెన్షియాకు దారితీసే, మన చేతుల్లో ఉన్న కారణాల జాబితాలో లాన్సెట్‌ వైద్య పత్రిక నియమించిన కమిషన్‌ 2020లో తల గాయాన్ని చేర్చింది.

ఇక్కడ భయపడాల్సిన దానికంటే ఎక్కువ భయపడేవాళ్లే ఎక్కువ. 24 శాతం ఎక్కువ అంటే నూటికి 24 మందికి వస్తుందని కాదు. ఒక్కసారి దెబ్బ తగిలిన చాలామందికి ఇది ఎప్పటికీ రాదు. జాగ్రత్త పడాల్సింది రెండో దెబ్బ విషయంలో. మొదటిది మానకముందే మళ్లీ తగిలితే మెదడు తట్టుకోలేదు. బాక్సర్లలో పదేపదే తగిలే దెబ్బల వల్ల వచ్చే తూలుడు, మాట తడబాటు గురించి మార్ట్‌లాండ్‌ అనే డాక్టరు 1928లోనే రాశాడు. తల గాయం తగిలిన కుర్రాడు వారం తిరక్కుండా కబడ్డీ కోర్టులో దిగడం, బైకు తీయడం అందుకే వద్దు. హెల్మెట్‌ విషయానికొస్తే, ఎన్నో అధ్యయనాలను కలిపి చూసినప్పుడు అది తల గాయాల ముప్పును 69 శాతం, మరణాలను 42 శాతం తగ్గించిందని తేలింది. వెనక కూర్చున్న భార్యకు తల లేదా ఏమిటి, మన రోడ్ల మీద హెల్మెట్‌ ఎప్పుడూ ఒక్కటే కనిపిస్తుంది?

ఎక్కడికి వెళ్లాలి? ఏం చేయాలి?

ముందుగా న్యూరాలజిస్టునో, న్యూరోసర్జన్‌నో కలవండి. గుంటూరు సర్వజనాసుపత్రిలో, మంగళగిరి ఎయిమ్స్‌లో ఈ విభాగాలున్నాయి. ఒంట్లో ఉత్సాహం లేకపోవడం, నెలసరి ఆగిపోవడం, మగవాళ్లలో కోరిక తగ్గడం, ఊరికే బరువు పెరగడం లాంటివి ఉంటే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిందేమో చూడమని అడగండి. మెదడు అడుగున వేలాడే ఆ చిన్న గ్రంథి తల అదురుకు నలుగుతుంది. రక్తపరీక్షతో తెలుస్తుంది, మందులున్నాయి. కుంగుబాటు, ఆందోళన, కోపం ఎక్కువగా ఉంటే మానసిక వైద్యులు అవసరం. దానికి సిగ్గుపడేదేమీ లేదు. టెలీ మానస్‌ 14416కి ఫోన్‌ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

‘మెదడుకు బలం’ అంటూ నెలల తరబడి ఖరీదైన మాత్రలు కొంటున్నవాళ్లకు ఒక మాట. తల గాయాల్లో ఎక్కువగా రాసే సిటికోలిన్‌ను అమెరికాలో 1,213 మందిపై పరీక్షించారు. 2012లో వచ్చిన ఫలితం ప్రకారం ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ వీళ్లకూ తేడా లేదు. ఆ డబ్బును మాట, జ్ఞాపకం, నడక శిక్షణలకు ఖర్చు పెట్టడం మేలు. కోలుకోవడం మొదటి ఆర్నెల్లు, ఏడాదిలో వేగంగా సాగుతుంది. ఆ తర్వాత ఆగిపోదు, నెమ్మదిస్తుంది.

పనిలోకి ఒక్కసారిగా దించకండి. మొదట పూటకు గంట, తర్వాత రెండు గంటలు. కోత కోయలేనివాళ్లు నీడలో కూర్చుని తాలుకాయలు ఏరొచ్చు. ఒకసారి ఒక్క పనే చెప్పండి. చెప్పాక ఆయన నోటితో తిరిగి చెప్పించండి. మాత్రల వేళకు సెల్‌ఫోన్‌లో అలారం, గోడ మీద క్యాలెండరు, జేబులో చిన్న నోటుపుస్తకం మంచి సాధనాలు. మద్యం పూర్తిగా మానాలి. దెబ్బతిన్న మెదడుకు అరగ్లాసు కూడా ఎక్కువే, ఫిట్స్‌ను కూడా పిలుస్తుంది. కోపం వచ్చినప్పుడు అక్కడికక్కడే వాదించకుండా పది నిమిషాలు పక్కకు వెళ్లండి. చెయ్యి చేసుకునేదాకా వస్తే మాత్రం భరిస్తూ కూర్చోవద్దు. దెబ్బ వల్ల వచ్చిన కోపమైనా మీకు తగిలేది దెబ్బే. డాక్టరుకు చెప్పండి, పుట్టింటివాళ్లకు చెప్పండి.

ఇక కాగితాల సంగతి. రోడ్డు ప్రమాదమైతే పరిహారం కేసు ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా వేయాలనే నిబంధన 2022 ఏప్రిల్‌ నుంచి అమల్లోకి వచ్చింది. తల గాయం విషయంలో ఇది ఇబ్బందే. చాలామందికి పని చేయలేకపోతున్నామని తెలిసేసరికే ఆ గడువు దగ్గరపడుతుంది. కాబట్టి ‘చిన్న దెబ్బేగా’ అని ఊళ్లో పెద్దమనుషుల మధ్య అయిదు వేలకు రాజీపడి సంతకం పెట్టకముందే మూడు నెలలు ఆగి మనిషిని గమనించండి, వకీలును కలవండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. తల గాయం పేరు విడిగా లేదు. దానివల్ల మిగిలిన లోపం, అంటే కాలుచేతులు రాకపోవడం, మాట రాకపోవడం, మానసిక సమస్య లాంటివి చూసి ధ్రువపత్రం ఇస్తారు. ఇక్కడ అక్కరకొచ్చేది మొదటి రోజు ఆసుపత్రి కాగితం. ఎంతసేపు స్పృహలో లేరు, గ్లాస్గో మార్కు ఎంత అన్నది అందులో ఉంటుంది. దాన్ని, స్కాన్‌ ఫిల్మును పాస్‌పుస్తకాలు దాచే పెట్టెలోనే పెట్టండి. ఎండలో ఫిల్ము పాడైపోతుంది కాబట్టి సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి ఇంకొకరికి కూడా పంపి ఉంచండి.